లోపల కాలని పూస

మా ఇంట్లో రెండు జంతికల గొట్టాలు ఉన్నాయి. ఒకటి వంటింట్లో ఉంటుంది. రెండోది నా పూసల పెట్టెలో ఉంటుంది. పెట్టెలో ఉన్నది మా అత్తగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గొట్టం. ఒకరోజు ఆవిడ ఊళ్ళో లేనప్పుడు అందులో రంగు ముద్ద కూరి సన్నని తీగలు తీశాను. ఆ ముద్ద తగిలిన గిన్నె గానీ, గొట్టం గానీ మళ్ళీ వంటకు వాడకూడదని నాకు అప్పటికి తెలియదు. కొత్తది కొని ఇచ్చాను. అయినా పండగ వచ్చిందంటే ఆవిడ ఆ సంగతి ఎత్తకుండా ఉండరు.

మేము ఖరగ్‌పూర్‌లో ఉంటాం. ఇది పశ్చిమ బెంగాల్‌లో పెద్ద రైల్వే ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఉన్న రోజుల నుంచి శ్రీకాకుళం, విశాఖ వైపు వాళ్ళు ఎందరో ఇక్కడికి పనికి వచ్చి స్థిరపడ్డారు. మా మామగారి తండ్రి కూడా అలా వచ్చినవారే. నేను పెళ్ళయి ఈ ఊరు వచ్చేనాటికి ఎనిమిదో తరగతి వరకే చదివాను. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బజారులో హిందీ మాట్లాడతాను. నాదంటూ చేతిలో పది రూపాయలు మాత్రం ఉండేవి కావు.

2016 జూలైలో మా వదిన, అంటే మావారి అక్కగారు, కలకత్తా నుంచి వచ్చారు. వస్తూ ఎనిమిది రంగుల ముద్దలు తెచ్చారు. ఒక్కో దిమ్మ 57 గ్రాములు. దాన్ని పాలిమర్ క్లే అంటారు. క్లే అంటే బంకమట్టి అని అర్థం. కాని ఇందులో మట్టి లేదు. నీళ్ళ గొట్టాలు చేసే పి.వి.సి. ప్లాస్టిక్ ఉంది కదా, దాని సన్నని పొడిని మెత్తబరిచే ఒక ద్రవంతో కలిపి ఈ ముద్ద చేస్తారు. మట్టి బొమ్మ గాలికి ఆరుతుంది. ఇది ఆరదు. సరైన వేడి తగిలినప్పుడే గట్టిపడుతుంది. జర్మనీలో బొమ్మల తయారీకి పేరుపొందిన కేథే క్రూజె అనే ఆవిడ కూతురు ఇలాంటి ముద్దతో పనిచేసింది. ఆమె ముద్దుపేరు ఫీఫీ. ఇప్పుడు దుకాణాల్లో దొరికే ఫీమో అనే పేరు అందులోంచే వచ్చింది.

వదిన ఒక మధ్యాహ్నమంతా కూర్చుని నాకు పని చూపించారు. ముందు ముద్దను చపాతీ పిండిలా బాగా పిసకాలి. చేతి వెచ్చదనానికి అది మెత్తబడుతుంది. తర్వాత పువ్వు కడ్డీ చేయాలి. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

మీరు బెండకాయను అడ్డంగా కోసే ఉంటారు. ఎక్కడ కోసినా ప్రతి చక్రంలోనూ అదే నక్షత్రం కనిపిస్తుంది. పువ్వు కడ్డీ కూడా అంతే. మధ్యలో పసుపు కడ్డీ ఒకటి పెట్టాలి. దాని చుట్టూ ఆరు తెల్ల కడ్డీలు రేకుల్లా పేర్చాలి. రేకుల సందుల్లో ఆకుపచ్చ ముద్ద నింపి, పైన నీలం రంగు పొర చుట్టాలి. అప్పటికి అది మణికట్టు అంత లావుంటుంది. ఇక దాన్ని నడుమ నుంచి చివరల వైపు నెమ్మదిగా నొక్కుతూ, దొర్లిస్తూ పొడుగు చేయాలి. తొందరపడితే పువ్వు ఒక పక్కకు ఒరిగిపోతుంది. చివరకు కడ్డీ చిటికెన వేలంత సన్నబడుతుంది. బ్లేడుతో కోస్తే లోపల అదే పువ్వు, వేలిగోరంత ఉంటుంది. ఇటలీలో వెనిస్ దగ్గర గాజు పనివాళ్ళు ఇలాగే గాజు కడ్డీలలో పువ్వులు పొదుగుతారు. దాన్ని వాళ్ళ భాషలో మిల్లెఫియోరి అంటారు. వేయి పువ్వులు అని అర్థం. నేను మొదటి బిళ్ళ కోసి చూసినప్పుడు నా పక్కన ఎవరూ లేరు. ఉంటే బాగుండునని అనిపించింది.

ఆ బిళ్ళలను చిన్న ఉండ చుట్టూ అంటించి, అరచేతుల మధ్య దొర్లిస్తే పూస అవుతుంది. కాసేపు చల్లబడనిచ్చి, సూదితో ఒక పక్క నుంచి సగం, రెండో పక్క నుంచి సగం రంధ్రం చేయాలి. ఒకేసారి అవతలికి పొడిస్తే అంచు చిరుగుతుంది. పూసలను తీగకు గుచ్చి, ఆ తీగను రేకు డబ్బా అంచుల మీద ఆనించి కాలిస్తే అడుగు బల్లపరుపు కాదు.

వదిన తన పాత కరెంటు ఓవెన్ కూడా నాకే ఇచ్చేశారు. ముద్దలను అసలు పొట్లాల్లోంచి తీసి మైనపు కాగితాల్లో చుట్టి తెచ్చారు కాబట్టి, వాటి మీది అచ్చు సూచనలు నా దాకా రాలేదు. ఒక చీటీ మాత్రం రాసిచ్చారు. అందులో "275, అరగంట" అని ఉంది. ఓవెన్ మరకు 100 నుంచి 250 వరకు అంకెలు ఉన్నాయి. 275 లేదు. ఉన్నంతలో ఎక్కువ పెడదామని 250 దగ్గర పెట్టాను.

పది నిమిషాలు గడిచాయో లేదో, ఘాటైన పొగ వచ్చింది. కళ్ళు మండాయి, గొంతు పట్టేసింది. అత్తగారు పెరట్లోంచి, "ఏటమ్మా ఈ వాసన? ఏటి కాలుస్తున్నావు?" అని అరుస్తూ వచ్చారు. పి.వి.సి. మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే విషవాయువు వస్తుంది. కిటికీలన్నీ తెరిచి, పిల్లను పక్కింటికి పంపాం. పూసలు నల్లగా మాడి బొగ్గయ్యాయి. మావారు రాత్రి ఇంటికొచ్చి ఏమీ అనలేదు. ఏమైనా అని ఉంటేనే బాగుండేది.

భయం పట్టుకుంది. ఆ తర్వాత మరను 100 దాటి తిప్పలేదు. ఇరవై నిమిషాలకే ఆపేసేదాన్ని. పూసలు చల్లారాక గట్టిగానే ఉండేవి. రంగు మారలేదు. ఉప్పుకాగితాన్ని నీళ్ళలో తడిపి రుద్ది, పాత జీన్స్ గుడ్డతో తుడిస్తే చక్కగా మెరిసేవి. దండకు పన్నెండు పువ్వు పూసలు, నడుమ చిన్న గాజు పూసలు వేసి, ముప్పై ఒక్క దండలు గుచ్చాను. అక్టోబరులో దుర్గాపూజ పందిరి దగ్గర బల్ల వేసుకుని, ఒక్కోటి ఎనభై రూపాయలకు అమ్మాను. నాలుగు రోజుల్లో అన్నీ అయిపోయాయి. మొత్తం 2,480 రూపాయలు వచ్చాయి. ఆ డబ్బును మూడుసార్లు లెక్కపెట్టుకున్నాను.

దీపావళి నాటికి మొదటి దండ తిరిగొచ్చింది. మా వీధిలోని బడిపిల్ల అది. తన డబ్బాలో దాచుకున్న డబ్బుతో కొనుక్కుంది. రంధ్రం దగ్గర పూసలు రెండుగా విరిగి, ముక్కలు కాగితంలో పొట్లం కట్టి తెచ్చింది. "కాకీమా, నేను లాగలేదు" అంది. కాకీమా అంటే బెంగాలీలో పిన్ని. ఆ పిల్ల తన తప్పేమీ లేదని నాకు చెప్పుకోవడం విని సిగ్గుతో తల వంచుకున్నాను. తర్వాత నెలలో మరో ఎనిమిది దండలు అలాగే వచ్చాయి. తొమ్మిదింటికీ డబ్బు తిరిగిచ్చాను.

కారణం పక్కింటి కుర్రవాడు చెప్పాడు. అప్పుడు పదో తరగతి చదువుతున్నాడు. వదిన చీటీ చూసి, "ఇది ఫారెన్‌హీట్, మీ ఓవెన్ సెల్సియస్" అన్నాడు. నాకు అర్థం కాలేదు. అప్పుడు అతను ఇలా చెప్పాడు: జ్వరం 102 డిగ్రీలు అంటాం, ఎండ 42 డిగ్రీలు అంటాం, రెండూ డిగ్రీలే, కాని కొలత వేరు. లెక్క కూడా చేసి చూపించాడు. 275లో నుంచి 32 తీసేస్తే 243. దాన్ని 5తో హెచ్చిస్తే 1215. 9తో భాగిస్తే 135. అంటే నేను మొదటిసారి పెట్టిన వేడి దాదాపు రెట్టింపు. రెండోసారి పెట్టినది చాలదు. తగిన వేడి తగిలితేనే ఆ ప్లాస్టిక్ రేణువులు ఒకదానిలో ఒకటి కలిసి ఏకమవుతాయి. లేకపోతే పైకి గట్టిగా కనిపిస్తాయి గాని, లోపల విడివిడిగానే ఉంటాయి.

ఓవెన్‌లో పెట్టే థర్మామీటరు ఒకటి వదిన చేత తెప్పించుకున్నాను. మర 100 చూపినప్పుడు లోపల వేడి 90 కూడా లేదు. పాత ఓవెన్ అంకెలను నమ్మి నేను పూసలు కాల్చానన్నమాట. ఇప్పుడు పూస ఆరు మిల్లీమీటర్ల మందానికి అరగంట లెక్కన, థర్మామీటరు చూసుకుంటూ 130 దగ్గర కాలుస్తాను. ప్రతిసారీ అదే ముద్దతో పలుచని రేకు ఒకటి చేసి పూసలతోపాటు పెడతాను. చల్లారాక దాన్ని వంచి చూస్తాను. వంగితే పూసలు కాలినట్టు. పుటుక్కున విరిగితే మళ్ళీ పెట్టాలి.

సరిగా కాలని పూసను, విరగక ముందైతే, మళ్ళీ కాల్చి బాగుచేయవచ్చు. ఈ సంగతి తెలిశాక నేను ఇల్లిల్లూ తిరిగాను. పదకొండు దండలు దొరికాయి. దారం తెంపి, పూసలు మళ్ళీ కాల్చి, కొత్తగా గుచ్చి ఇచ్చాను. కొందరు నవ్వారు. ఒకావిడ "ఎనభై రూపాయల దండకు ఇంత తిరుగుడా?" అంది.

ఆ ఎనభై రూపాయల లెక్క కూడా అప్పుడే చూశాను. సెంటీమీటరు పూస సుమారు ఒక గ్రాము తూగుతుంది. నేను తర్వాత కొన్న దిమ్మ రెండు వందలు. అంటే పన్నెండు పూసలకు ముద్దే నలభై రెండు రూపాయలు. గాజు పూసలు, దారం, కొక్కెం కలిపితే అరవై. మూడు గంటల పనికి నాకు మిగిలింది ఇరవై. వదిన ఊరికే ఇచ్చారు కాబట్టి ముద్దకు ఖరీదే లేదనుకున్నాను. ఇప్పుడు నూట యాభైకి తక్కువ ఇవ్వను. పెద్ద పూసల లోపల అల్యూమినియం రేకు ఉండ పెట్టి ముద్ద ఆదా చేస్తాను. బేరం ఆడేవాళ్ళు ఆడుతూనే ఉంటారు.

మరుసటి ఏడాది పూజకు బల్ల మీద ఒక అట్టముక్క పెట్టాను. పోయిన ఏడాది దండలు తెస్తే మార్చి ఇస్తానని తెలుగులోనూ, బెంగాలీలోనూ రాశాను. బెంగాలీ అక్షరాలు ఆ కుర్రవాడు దిద్దించాడు. ఇద్దరు వచ్చారు. మిగిలిన తొమ్మిది దండలు ఎవరి దగ్గర ఉన్నాయో తెలియదు. ఇప్పటికీ గోల్‌బజారులో ఎవరి మెడలోనైనా నీలం అంచు తెల్లపువ్వు కనిపిస్తే, దగ్గరకు వెళ్ళి చూస్తాను.