అసంకల్పితమేనా?

బడిపిల్లల జీవశాస్త్ర పుస్తకాలలో ‘అసంకల్పిత ప్రతీకార చర్య’ అనే పొడుగాటి మాట ఒకటి ఉంటుంది. వేడిగిన్నె తగలగానే చేయి దానంతట అదే వెనక్కు రావడం ఉదాహరణ. తెలుగు పండితుణ్ణి కదా, మాట విడమరిచి చెప్పమని పిల్లలు నా దగ్గరకు వచ్చేవారు. సంకల్పం లేకుండా జరిగేది అసంకల్పితం అని చెప్పి పంపేవాణ్ణి. ఉద్యోగ విరమణానంతరం ఈ శాస్త్రగ్రంథాలు తిరగవేస్తుండగా, ఆ విశేషణం సులువుగా అతకని చర్య ఒకటి కంటబడింది. సంగమవేళ ఆడ ఎలుక పట్టే భంగిమ అది. చదువరులు ముఖం చిట్లించనక్కర లేదు. మన ప్రబంధకవుల వర్ణనల ముందు ఇది పదోవంతు కూడా కాదు.

దీనిని లార్డోసిస్ అంటారు. వెనుకకు వంగినది అనే అర్థంగల గ్రీకు పదం దీనికి మూలం. మగ ఎలుక ముందుకాళ్ళు డొక్కలను తాకగానే ఆడదాని నడుము పల్లమవుతుంది, తలా పిరుదులూ పైకి లేస్తాయి, తోక పక్కకు తొలగుతుంది. చూడబోతే వేడిగిన్నె కథే. కాని రెండు రోజుల ముందు అదే స్పర్శకు అదే ఎలుక తన్ని పారిపోయింది!

అమెరికాలో రాకెఫెల్లర్ విశ్వవిద్యాలయానికి చెందిన డొనాల్డ్ ఫాఫ్ దశాబ్దాల తరబడి ఈ చిక్కుముడినే విప్పుతూ, 1980లో దీనిపై ఒక గ్రంథం వెలువరించారు. మెదడు అడుగున హైపోథాలమస్‌లోని ఒక కణసమూహం అండాశయం పంపే ఈస్ట్రోజెన్‌ను గుర్తుపడుతుంది. ఆ హార్మోను కణాలలోని జన్యువులను మేల్కొలిపి కొత్త ప్రోటీనులు తయారు చేయించాలి గనుక దాని ప్రభావం తెలియడానికి చాలా గంటలు పడుతుంది. ఆపైన ప్రొజెస్టెరాన్ తోడైతే ఫలితం మరింత బలపడుతుంది. హైపోథాలమస్ నుండి వార్త మధ్యమెదడుకు, అక్కడినుండి మజ్జాముఖానికి, చివరకు వెన్నుపాముకు దిగుతుంది. అప్పుడు డొక్క మీద స్పర్శ కలిగితేనే వీపు కండరాలు బిగుస్తాయి. ఈస్ట్రోజెన్ తలుపు గడియ తీస్తుందే గాని ఎవరినీ లోపలికి నెట్టదు.

ఇంకొక సంగతి నన్ను మరీ ఆకట్టుకుంది. వెన్నుపాముకు మెదడుతో సంబంధం పూర్తిగా తెగిపోయినా, గుచ్చితే కాలు ముడుచుకునే చర్య మిగులుతుంది. లార్డోసిస్ మాత్రం మిగలదు. పై నుండి సమ్మతి రానిదే వెన్నుపాము తనంతట తాను ఆ పని చేయదన్నమాట. విశాలమైన చోట వదిలితే ఆడ ఎలుకే ఎదురువెళ్ళి, చెవులల్లాడించి, గెంతి, మళ్ళీ దూరంగా పోతుంది. ఎంతెంత విరామమో నిర్ణయించేదీ అదే. ఇరుకు పంజరంలో ఇదంతా కనబడదు.

మన రైతుకు ఈ తలుపు సంగతి తెలియనిది కాదు. ఆవు ఎలుకలాగ నడుము వంచదు. అయితే ‘ఎదకు వచ్చిన’ నాడు మరో పశువు మీదికెక్కినా కదలక నిలబడుతుంది. ఎద అంటే హృదయం కూడాను. రెండింటి వ్యుత్పత్తీ ఒకటేనని అంటే నిఘంటుకారులు కోప్పడతారు గాని, ఆ పొందిక నాకు ముచ్చటగానే ఉంటుంది.

మొన్నొక పెళ్ళిపందిట్లో ఒక పెద్దమనిషి, “లొంగడం ఆడదాని ప్రకృతి మాస్టారూ, జంతువులను చూడండి” అన్నారు. నాలుగైదు రోజుల ఋతుచక్రంలో ఆడ ఎలుక ఒక్క రాత్రి మాత్రమే ఒప్పుకుంటుందనీ, తక్కిన రోజులన్నీ దాని జవాబు తన్నేననీ చెప్పాను. “మరి మనుషుల మాట?” అన్నారు. కోతుల దగ్గరికి వచ్చేసరికే ఆ హార్మోను గడియ సడలిపోయిందనీ, అండాశయాలు తొలగించిన రీసస్ కోతి కూడా జత కట్టగలదనీ, అక్కడ ఇష్టాయిష్టాలూ తోటికోతులతో సంబంధాలూ లెక్కకు వస్తాయనీ, మనిషికి ఆ ఎలుక భంగిమే లేదనీ చెబుతుండగా విస్తళ్ళు వేశారు. ఆయన రెండో వరుసలో కూర్చున్నారు.