పాఠం నేర్చుకునే అవకాశం ఎవరికి?

గున్నం గంగరాజు 'అమృతం' ధారావాహిక 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో వచ్చింది. అమృతరావు, ఆంజనేయులు ఇద్దరూ స్నేహితులు. 'అమృత విలాస్' అని హోటల్ నడుపుతుంటారు. అమృతరావుకు ఏదో ఒక అడ్డదారి తోస్తుంది. ఆంజనేయులు వద్దంటూనే వెంట నడుస్తాడు. చివరికి పథకం బెడిసికొడుతుంది. తర్వాతి వారం మళ్లీ మొదలు!

ఉపాధ్యాయ శిక్షణలో మాకు పాఠ్య పథకం రాయడం నేర్పారు. బోధన లక్ష్యాన్ని ముందే రాయాలి. ఈ ధారావాహికలోనూ పాఠం ఉంటుంది కానీ నీతి ఇదీ అని ఎవరూ చెప్పరు. ఎదురుదెబ్బే చెబుతుంది. మా గూడెంలో పెద్దలు కథ చెప్పే తీరూ అదే.

అమృతరావు వేషం శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ వేశారు. ముగ్గురు మారినా పాత్ర అతనిదే అనిపించింది. మనిషిని గుర్తుపట్టించేది ముఖం ఒక్కటే కాదు. ఆశపడే తీరు, దొరికిపోతే చెప్పే సాకు, స్నేహితుడి ముందు పడే సిగ్గు కూడా. చిన్న చిన్న పాఠాలే వీటిని ఒక్కొక్కటిగా బయటపెడతాయి.

మరి తెర మీది హాస్యంలో ఆదివాసీ ఎలా ఉంటాడు? నేను చూసినంతలో తలకు ఈకలు, నడుముకు ఆకులు, అర్థం లేని అరుపులు. అమృతరావు తప్పు చేస్తే నవ్వి 'పాపం' అంటాం. మనవాడు ఏ తప్పూ చేయకుండానే నవ్వులపాలవుతాడు. పొరపాటు చేసి దిద్దుకునే వీలు అతనికి ఇవ్వరు. ఆ వీలు లేని పాత్ర బొమ్మే.

అందుకే మా పిల్లలతో సంత మీద చిన్న నాటిక వేయించాను. షావుకారు తూకంలో మోసం చేస్తాడు. దానికి బదులుగా మన కుర్రాడు చింతపండు బుట్టలో రాయి పెడతాడు. ఇద్దరూ దొరికిపోతారు. ఒక అమ్మాయి అడిగింది: "సార్, మనోడు తప్పు చేసినట్టు చూపిస్తే మన పరువు పోదా?"

"రాయి పెట్టిందీ మనోడే, అందరి ముందు తీసిందీ మనోడే కదమ్మా" అన్నాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, రాయి తీసేటప్పుడు కుర్రాడు ఏమనాలో తనే రాసింది.

రాసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మనవాళ్లను దేవుళ్లుగా చూపనక్కర్లేదు. తప్పుచేయనివ్వండి, నేర్చుకోనివ్వండి. వాళ్లతో కలిసి నవ్వే కథలు మనమే రాద్దాం.