ఐదు రోజుల యుద్ధం

హాస్టల్‌కి వచ్చాక నాకు యుద్ధాల పుస్తకాల పిచ్చి పట్టింది. స్టాలిన్‌గ్రాడ్, నార్మండీ మ్యాపుల్లో బాణం గుర్తుల వెంట వేలు పెట్టుకుంటూ అర్ధరాత్రి దాకా చదువుతా. మాది కామారెడ్డి. మన దిక్కు యుద్ధమే జరగలేదా అని వెతికితే 1948 దొరికింది. పేరుకు పోలీస్ యాక్షన్, దిగింది మాత్రం సైన్యం. సెప్టెంబర్ 13న షోలాపూర్ వైపు నుంచి ట్యాంకులు కదిలాయి. 17న నిజాం కాల్పులు ఆపమన్నాడు. 18న ఎల్ ఎద్రూస్, జనరల్ చౌధురికి లొంగిపోయాడు. ఐదు రోజుల్లో ఖతం!

ఎల్లారెడ్డిలో మా బాపమ్మకు ఇదంతా చెబితే నవ్వింది. "ఐదు దినాలేంది బిడ్డా! రజాకార్ల భయానికి పొద్దుగూకితే దీపం ముట్టియ్యకపోదుము. గా దినాలు ఎవలు లెక్కవెట్టిన్రు?"

తర్వాతి రోజుల లెక్కా అంతే. యాక్షన్‌లో, ఆ తర్వాతి హింసలో సంస్థానమంతటా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ రిపోర్టును ప్రభుత్వం చాలా ఏళ్లు బయటపెట్టనే లేదు.

పుస్తకాలు చదవడం నేనైతే మానను. కానీ ఆ రోజులు గుర్తున్నవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటాయి. దసరా సెలవులకు ఇంటికి పోతున్నారు కదా, అడిగి రాసుకోండి.