బాలానగరపు పైడికంటి

బాలానగరమనగానే యంత్రశాలల మ్రోతయు, లారీల దుమ్మును మనస్సునకు దోచును. 2017లో ఆ దారిని మెట్రోరైలు వచ్చెను. 2021లో కూడలిపై వంతెన వెలసెను. ఇట్టి తావున పక్షుల ముచ్చట యేమని సోదరీమణులు నవ్వవచ్చును. కాని దీపములు పెట్టువేళ, అచ్చటి ప్రహరీగోడల వెంట మిగిలియున్న ముదుసలి చెట్టుక్రింద నొక గడియ నిలిచినచో, ఇద్దరు ముగ్గురు తగవులాడుకొనుచున్నట్లు 'చిర్రు చిర్రు' మను కలకలము వినబడవచ్చును. మేమా వాడలకు పోయినపుడెల్ల నీ ధ్వనికై చెవి యొగ్గుచుందుము.

ఇది పైడికంటి. పింగళయనియు దీనికి పేరు కలదు. గుడ్లగూబల కులములో మిక్కిలి చిన్నది. ఎనిమిదంగుళములకు మించదు, గోరువంక యంత యుండును. బంగారువన్నె కన్నులను బట్టియే దీని కా పేరు వచ్చినది. గోధుమవన్నె మేను, తలపైని వీపుపైని తెల్లని చుక్కలు, కన్నులపై తెల్లని బొమలు – ఇవి గుర్తులు.

కొండయడవులలో దీనికి జ్ఞాతి యొకటి కలదు. నల్లమల మొదలగు చోట్ల వసించు నా పిట్ట పరిమాణమున నించుమించు నింతియే. కాని దాని మేన చుక్కలకు మారుగా సన్నని యడ్డచారలుండును, తెల్లని బొమలు స్ఫుటముగా కానరావు. చుక్కలైన ఊరిది, చారలైన అడవిది యని జ్ఞాపకముంచుకొనిన చాలును. గుర్తించుట చిన్నపని కాదు. సాత్పురా ప్రాంతపు మరియొక చిన్న గుడ్లగూబను 1873లో హ్యూముదొర లోకమునకు దెలిపెను. 1884 తరువాత నది యెవరికిని కానరాక, నశించెనని తలపబడి, 1997లో మహారాష్ట్రమున మరల కనబడెను. తలపై చుక్కలు తక్కువగా నుండుటయే దానిని పైడికంటినుండి వేరుచేయు గుర్తులలో నొకటి.

పైడికంటులు జంటగా కాపురముండును. పగలు చెట్టుతొఱ్ఱలోనో, పాతగోడ సందులోనో కునుకుచు, ఎవరైన చేరవచ్చినచో తల పైకి క్రిందికి నాడించి తేఱిపార జూచును. దాని కన్నులు గుంతలలో కదలవు; అందుచేత మెడనే త్రిప్పవలెను. మన మెడలో ఏడెముకలుండగా దాని మెడలో పదునాలుగు గలవు. కార్తికము మొదలు వేసవి తొలినాళ్లవరకు తొఱ్ఱలో మూడు నాలుగు గ్రుడ్లు పెట్టి, తలిదండ్రులిరువురును పిల్లలను పోషింతురు. పురుగులు, బల్లులు, చిట్టెలుకలు వీని యాహారము. అరుగని యెముకలను, వెండ్రుకలను ఉండగాజేసి వెడలగ్రక్కును. చెట్టుక్రింద నట్టి యుండలు కనబడినచో పైని కాపురమున్నదని యెఱుగునది.

ఇట్టి ప్రాణి యింటిపై వ్రాలినచో కీడని మనలో ననేకులు భయపడుదురు. రాళ్లు రువ్వుదురు, తొఱ్ఱలు పూడ్పింతురు. వంగదేశపు గృహిణులో గుడ్లగూబను లక్ష్మీదేవి వాహనముగా భావింతురు. పక్షి యొక్కటే, శుభాశుభములు మన తలపులోనివి. ధాన్యము తిను నెలుకను పట్టు ప్రాణి గృహలక్ష్మికి శత్రువెట్లగును? క్షుద్రపూజలకై గుడ్లగూబలను పట్టి యమ్ము దుర్మార్గులును గలరు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము వానిని పట్టుట, చంపుట, అమ్ముట నేరములు.

మఱొక యపాయము మన చేతులమీదుగనే జరుగుచున్నది. ఎలుకలకు పెట్టిన విషము తినిన యెలుక వెంటనే చావదు. మత్తుగా తిరుగుచుండ పైడికంటి దానిని సులువుగా పట్టును, తానును నశించును. విషమునకు బదులు బోను పెట్టినచో ఎలుకబాధయు తీరును, పిట్టయు బ్రదుకును. ముదుసలి చెట్టును కొట్టించుటకు మునుపు తొఱ్ఱలో నేమున్నదో చూడుడని మగవారితో చెప్పుడు. క్రొత్తగా నాటిన మొక్కకు తొఱ్ఱ యేర్పడుటకు ననేక సంవత్సరములు పట్టును. బాలానగరమువంటి చోట నంతకాలము వేచియుండుటకు పైడికంటికి వేఱొక యిల్లు లేదు.