టచ్‌ప్యాడ్ పైకి లేచింది



బీఈడీలో ఉండగా నాన్న కొనిచ్చిన ల్యాప్‌టాప్ నాది. పరుపు మీదే పెట్టుకుని, రోజంతా ఛార్జర్ తగిలించే వాడాను. పోయిన నెల ఎస్‌ఏ-1 ప్రశ్నపత్రం టైప్ చేస్తుంటే టచ్‌ప్యాడ్ నొక్కుకోవడం మానేసింది. ఒక అంచు పైకి లేచింది కూడా. నవ్వకండి, రాత్రంతా దాని మీద డిక్షనరీ బరువు పెట్టాను!

షాపులో కుర్రాడు కింది మూత విప్పి చూపించాడు. బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంది. లోపల గ్యాస్ చేరిందట, గట్టిగా నొక్కినా గుచ్చుకున్నా నిప్పంటుకోవచ్చట. నాకు చెమటలు పట్టాయి. సెలవులకొస్తే మా అక్క కొడుకు దాన్ని ఒళ్లో పెట్టుకునే బొమ్మలు చూస్తాడు.

మీ పిల్లలు ప్రాజెక్టు వర్క్ చేసే ల్యాప్‌టాప్‌ని ఇవాళే ఒకసారి బల్ల మీద పెట్టి చూడండి. ఊగకుండా కూర్చుంటుందా? మూత సరిగ్గా పడుతుందా? తేడా కనిపిస్తే ఛార్జర్ తీసేసి, ఆఫ్ చేసి, తెలిసినవాళ్ల దగ్గరకు తీసుకెళ్లండి. ఇంట్లో విప్పొద్దు. పాత బ్యాటరీని చెత్తబుట్టలో అసలే వేయొద్దు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వాలి.

కొత్తది వేయించాక ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా సెట్టింగ్ పెట్టించాను. చాలా ల్యాప్‌టాపుల్లో ఉంటుంది, మనమే చూడం. వేడి తగిలితే బ్యాటరీ త్వరగా పాడవుతుంది కాబట్టి పరుపు మీద పెట్టడం మానేశాను. డిక్షనరీ మళ్లీ అలమరలోకి వెళ్లింది.