చౌక బేరము



మీరు నేడు ఇంట వాడిన ఉప్పు, పప్పు, సబ్బు ఎక్కడ కొంటిరి? అక్కడనే ఎందుకు కొంటిరి? ఈ ప్రశ్న చిన్నదని మీకు తోచవచ్చును. నాకును ఎన్నో సంవత్సరములు అట్లే తోచినది. అయితే 2024వ సంవత్సరమున అమెరికాలో మా అమ్మాయి ఇంట ఆరు మాసములు గడిపిన కాలమున ఈ ప్రశ్న నన్ను నిదుర పోనియ్యలేదు. ఆ సంగతి మీతో చెప్పవలెనని కూర్చుంటిని. నేను బడిపంతులుగా బ్రతికినవాడను. వ్యాపారము చేసినవాడను కాను. గనుక చూచినదియు, వినినదియు, నా మనస్సును పొడిచినదియు మాత్రమే చెప్పెదను.

మా అమ్మాయి కాపురముండునది కాలిఫోర్నియా రాష్ట్రపు మధ్య లోయలో ఒక చిన్న పట్టణము. అమెరికా అనగానే మీరు ఆకాశమంటు మేడలు తలంచుదురేమో! అక్కడ అవి లేవు. ఎటు చూచినను బాదము తోటలు, ద్రాక్ష తోటలు, టమాటా చేలు, వాటి నడుమ కాలువలు. సాయంకాలము కాలువ గట్టున నడచునప్పుడు మా కృష్ణా డెల్టాలోనే యున్నానా అనిపించెడిది. తెల్లవారక మునుపే కూలివారు పొలములకు పోవుదురు. అంతయు కష్టజీవుల ఊరు.

ప్రతి రెండవ శనివారమును మా అమ్మాయి 45 మైళ్లు, అనగా మన లెక్కకు 70 కిలోమీటర్లకు పైగా, కారు నడుపుకొని కాస్ట్‌కో అను గిడ్డంగి దుకాణమునకు పోవును. "నాన్నగారూ, ఈ వారం మీరూ రండి, చూద్దురుగాని" అని నన్ను తీసికొనిపోయినది. అది మన మార్కెట్టు యార్డులోని గోదామువలె ఎత్తైన రేకుల కప్పు, సిమెంటు నేల గలది. అలంకారము లేదు. సరుకు లారీలో ఏ చెక్క పలకలమీద వచ్చెనో ఆ పలకలమీదనే నిలువెత్తున పేర్చియుందురు. గుమ్మమున సభ్యత్వపు కార్డు చూపనిదే లోనికి రానియ్యరు. ఆ కార్డునకు సంవత్సరమునకు 60 డాలర్లుండగా, 2024 సెప్టెంబరులో 65 డాలర్లు చేసిరి. గ్రుడ్లు రెండేసి డజన్లు, బియ్యము బస్తా, నూనె డబ్బా, ఏదియు కొద్దిగా దొరకదు.

"డబ్బిచ్చి లోపలికి పోయి, మరల డబ్బిచ్చి కొనుటయా? ఇదేమి వింత!" అంటిని. మా అల్లుడు ఓపికతో వివరించెను. మామూలు పెద్ద దుకాణములో 30,000 రకముల వరకు సరుకులుండగా, ఇక్కడ సుమారు 4,000 రకములు మాత్రమే యుండునట. రకములు తక్కువ, కొనుగోలు ఎక్కువ గనుక తయారుచేయువారియొద్ద ధర తగ్గించి కొందురు. కొన్న ధరమీద 14, 15 శాతమునకు మించి వేసికొనకూడదని వారు కట్టడి పెట్టుకొనిరి. లాభములో పెద్ద భాగము సభ్యుల చందాలవలననే వచ్చును.

ఈ పద్ధతి పుట్టినది 1976లో. శాన్ డియాగో నగరమున సోల్ ప్రైస్ అనునతడు తన కుమారునితో కలిసి, పూర్వము విమానములకు వాడిన షెడ్డులో ప్రైస్ క్లబ్బు అను దుకాణము తెరచెను. మీరు ఈ సంగతి గమనింపుడి: మొదట అది ఇండ్లవారికొరకు కాదు; చిన్న కొట్లవారును, చిన్న వ్యాపారస్థులును తమకు కావలసిన సరుకు చౌకగా కొనుకొనుటకే. 1983లో సియాటిల్ నగరమున కాస్ట్‌కో మొదలైనది. 1993లో ఆ రెండును ఒకటైనవి. నేడు లోకమంతటను 900కు పైగా గిడ్డంగులున్నవి. మన దేశములోను ఇట్టి పద్ధతి ఉన్నది. 2003లో మెట్రో అను జర్మనీ సంస్థ బెంగుళూరులో వర్తకులకు మాత్రమే అమ్ము గిడ్డంగిని తెరచెను. 2023లో ఆ సంస్థ ఇక్కడి వ్యాపారమును రిలయన్సు వారు కొనిరి.

ఇక అసలు సంగతికి వత్తును. నేనున్న దినములలో ఆ పట్టణమువారు "అట్టి గిడ్డంగి మన ఊరికి రావలెను" అని కాగితముమీద సంతకములు సేకరింప మొదలుపెట్టిరి. ఎవరి కారణము వారిది. పిల్లలు గలవారికి పాలు, గ్రుడ్లు చౌక కావలెను. యువకులకు ఉద్యోగములు కావలెను. పట్టణ సభవారికి పన్ను కావలెను. ఆ రాష్ట్రములో పన్ను పడు ప్రతి 100 డాలర్ల అమ్మకమునకు 1 డాలరు స్థానిక ఖజానాకు వచ్చును. ఇప్పుడు తమ ఊరి జనులు పొరుగు పట్టణమునకు పోయి కొనుచుండగా ఆ డాలరు పొరుగు పట్టణమునకు చేరుచున్నది. ఒక సాయంకాలము ఒక స్త్రీ మా గుమ్మమునకు కాగితము తెచ్చినది. అమ్మాయియు అల్లుడును సంతకము చేసిరి. నేను పరదేశిని గనుక నా సంతకము అక్కరలేదు. అయినను, "నీవైతే సంతకము చేయుదువా?" అని నా అంతరంగము నన్ను అడిగినది. నేను జవాబు చెప్పలేకపోతిని.

ఏల చెప్పలేకపోతినో విప్పి చెప్పెదను. ఇది నా తప్పిదము గనుక దాచను. 1977 నవంబరులో మా తీరమును కొట్టిన తుపానును మీలో పెద్దవారు మరచియుండరు. మా పొలములోనికి ఉప్పునీరు వచ్చి పంట పోయినది. ఆ ఏడును, మరుసటి ఏడును మా ఇంట పొయ్యి వెలిగినదంటే మా ఊరి కొట్టు శెట్టిగారు ఇచ్చిన అప్పుమీదనే. ఆయన మా నాయనను ఒక్కనాడును వీధిలో నిలువదీయలేదు. 1979లో నాకు ఉద్యోగము వచ్చినది. కొంత కొంతగా బాకీ తీర్చితిని. బాకీ తీరిన నెలనుండియే నేను బందరు పోయి టోకు దుకాణములో నెల సరుకులు తెచ్చుకొన నారంభించితిని. నెలకు 30, 40 రూపాయలు మిగిలెడివి. బస్సు దిగి సంచులు మోసికొని ఆయన కొట్టు ముందునుండియే ఇంటికి పోవలెను. ఆయన సంచులను చూచెడివాడు. "మాస్టారూ, పిల్లలు బాగున్నారా?" అని మాత్రమే అడిగెడివాడు. అర్ధరాత్రి పిల్లవానికి జ్వరము వచ్చినప్పుడు మాత్రకును, దీపము ఆరినప్పుడు అగ్గిపెట్టెకును నేను ఆయన తలుపే తట్టితిని. ఆయన లేచి ఇచ్చెడివాడు. నేను చేసినది దొంగతనము కాదు. నా సొమ్ముతో నాకిష్టమైన చోట కొంటిని. అయినను ఆ పలుకరింపు నలువది యేండ్లుగా నా చెవిలో నున్నది.

మా అమ్మాయి ఉన్న ఊరిలోను అట్టి కొట్టు ఒకటి కలదు. పంజాబునుండి చాలకాలము క్రిందట వచ్చిన ఒక వృద్ధుడు నడుపుచున్నాడు. కరివేపాకు, ఇంగువ, చింతపండు, మన సోనామసూరి బియ్యము అక్కడ దొరకును. అమ్మాయి ప్రసవించినప్పుడు అడుగకనే వామును నెయ్యియు పంపినవాడు. గిడ్డంగి వచ్చిన ఈయన గతి ఏమగును? నా శెట్టిగారి గతియే గదా! ఇట్లు తలంచి, పట్టణ సభవారు జనుల మాట వినుటకు కూడిన రాత్రి నేనును పోయి వెనుక వరుసలో కూర్చుంటిని. ఒక్కొక్కరికి మూడు నిమిషములు. కొందరు రావలెననిరి; కొందరు రోడ్డుమీద బండ్లు క్రిక్కిరియుననియు, తోటలు పోయి సిమెంటు పరచుదురనియు వద్దనిరి. అప్పుడు పంజాబు వృద్ధుడు లేచెను. వద్దనునని అందరు తలంచిరి, నేనును తలంచితిని.

ఆయన చెప్పినది నాకు జ్ఞాపకమున్నంతవరకు వ్రాయుచున్నాను: "నేను ప్రతి మంగళవారము తెల్లవారుజామున లేచి ఆ గిడ్డంగికే పోవుచున్నాను. పాలు, నూనె, పంచదార అక్కడ కొని నా కొట్టులో అమ్ముచున్నాను. అది ఇక్కడికి వచ్చిన నాకు పెట్రోలు మిగులును. గిరాకీలో సగము పోవును. రెండును నాకు తెలియును. అయినను రావలెననియే చెప్పుచున్నాను. ఏలయనగా కారు లేనివారు నా కొట్టులో ఎక్కువ ధర ఇచ్చి కొనుచున్నారు. ఆ డబ్బు పుచ్చుకొనునప్పుడు వారి ముఖములు నేను చూచుచున్నాను. అది వచ్చినప్పుడు మిమ్మును ఒక్కటి వేడుకొందును. కరివేపాకు కొరకు మాత్రమే నా యొద్దకు రాకండి. కరివేపాకు ఒక్కటే అమ్మి ఏ కొట్టును నిలువదు."

చదువరులారా, నా తల వంగినది. నేను ఆయన పక్షమున కోపపడుటకు వచ్చితిని; ఆయన తనకంటె బీదవారి పక్షమున మాటలాడెను. ఆ చివరి మాట మాత్రము నాకే చెప్పినట్లుండెను. నేను శెట్టిగారియొద్దకు అగ్గిపెట్టెకు మాత్రమే పోయినవాడను గదా!

తిరిగి వచ్చునప్పుడు ప్రక్క ఇంటి వృద్ధురాలు మా కారులో వచ్చినది. ఆమె వితంతువు, కన్ను మందగించి కారు విడిచిపెట్టినది. "వచ్చిన మంచిదే. అక్కడ మందుల కౌంటరులో కార్డు లేకున్నను మందులిత్తురు. కాని తక్కిన సరుకు నేను కొనలేను. చందాకు ఒక్కసారి అంత డబ్బు తీయలేను. నా ఫ్రిజ్జు చిన్నది. రెండు డజన్ల గ్రుడ్లు ఒక్కదానను ఏమి చేసికొందును?" అన్నది. ఇది మనకు తెలియని మాట కాదు. కోతల కాలమున ఏడాదికి సరిపడు ధాన్యము కొట్టులో పోసికొనగలవానికి బియ్యము చౌక. సాయంకాలము కూలి చేతికి వచ్చినపిమ్మట సేరు బియ్యము కొనువానికి ఎక్కువ ధర. చౌకగా కొనుటకును చేతిలో డబ్బుండవలెను. కలిగినవానికి దొరకు చౌక లేనివానికి దొరకదు. గిడ్డంగి వచ్చినంతమాత్రమున ఈ భేదము పోదు.

2020లో జరిగిన ఒక సంగతి మా అల్లుడు నాకు చెప్పెను. అలాస్కాలో గస్టవస్ అను చిన్న గ్రామము కలదు. అక్కడికి రోడ్డు లేదు. ప్రభుత్వపు పడవ రాకపోకలు నిలిచిపోయినప్పుడు ఆ ఊరి కొట్టు యజమాని తన పడవనే వేసికొని సముద్రమార్గమున జూనో పట్టణపు కాస్ట్‌కోకు పోయి, ఊరందరికిని సరుకు తెచ్చెనట. చూచితిరా! గిడ్డంగి చౌకయు, ఊరి కొట్టువాని కాళ్లును కలిసినప్పుడే చివరి ఇంటికి అన్నము చేరినది.

ఆ శనివారమునుండి మా అమ్మాయి ఒక పని చేసినది. కార్డు ఇతరులకిచ్చుట నియమము కాదు. తెచ్చిన సరుకు పంచుకొనుట తప్పు కాదు. గ్రుడ్లు, నూనె, బియ్యము తెచ్చి, ప్రక్క ఇంటి ఆమెకును, వీధి చివర కూలి కుటుంబమునకును కొన్న ధరకే పంచి యిచ్చినది. ఆమె ఆరు గ్రుడ్లు మాత్రమే తీసికొని డబ్బు లెక్కపెట్టి యిచ్చినప్పుడు ఆమె ముఖమున చిన్నతనము లేదు. పప్పు, పిండి, బియ్యము మాత్రము నెల నెలకు పంజాబు వృద్ధుని యొద్దనే కొందమని ఇంట్లో నిశ్చయించుకొనిరి. నెలకు కొన్ని డాలర్లు ఎక్కువగును. ఆ డాలర్లు దేనికో వారికి తెలియును.

గిడ్డంగి వచ్చెనా అని అడుగుదురేమో. ఊరివారు సంతకములు చేయుదురు. పట్టణ సభ అనుమతి ఇయ్యవచ్చును. కాని జనసంఖ్య, ఆదాయము, దారులు లెక్క చూచి వచ్చుటయో మానుటయో ఆ సంస్థయే తేల్చుకొనును. నేను ఈ మాటలు వ్రాయునాటికి రాలేదు. శనివారము 45 మైళ్ల ప్రయాణము సాగుచునే యున్నది.

నేను అక్టోబరులో ఇంటికి చేరితిని. శెట్టిగారు ఇప్పుడు లేరు. ఆయన కుమారుడు కొట్టు నడుపుచున్నాడు. నా సంగతి అతనితో చెప్పితిని. అతడు నవ్వి, "నేనూ సరుకు పట్నం గోదాములోనే తెస్తున్నానండీ మాస్టారూ. ఇప్పుడేం కావాలి చెప్పండి" అనెను. అగ్గిపెట్టె అడుగుటకు నోరు రాలేదు. నెల సరుకుల చీటీ వ్రాసి ఇచ్చితిని. అతడు దానిని రెండుసార్లు చదివికొని, స్టూలు నావైపు జరిపి, "కూర్చోండి, పిల్లలు బాగున్నారా?" అని అడిగెను.