బిలాస్‌పూర్ బాకీ

టాగూర్ 1918లో వెలువరించిన 'పలాతక' సంపుటిలో 'ఫాంకీ' అనే కథాకవిత ఉంది. ఫాంకీ అంటే దగా. ఇరవై మూడేళ్ల బిను జబ్బు పడుతుంది. మందులతో గుణం కనిపించక, గాలి మార్పు కోసం భర్త ఆమెను రైలెక్కిస్తాడు. బిలాస్‌పూర్‌లో బండి మారాలి. ఆరు గంటలు వెయిటింగ్ రూమ్‌లో పడిగాపులు. అక్కడ పరిచయమైన రైల్వే కూలీ భార్య రుక్మిణికి, కూతురి పెళ్లి కోసం 25 రూపాయలు ఇమ్మని బిను కోరుతుంది. సరేనన్న భర్త చాటుకు వెళ్లి, ఉద్యోగం ఊడగొట్టిస్తానని రుక్మిణిని బెదిరించి, రెండు రూపాయలతో సరిపెడతాడు. రెండు నెలల తర్వాత ఆ సంగతి తెలియకుండానే బిను చనిపోతుంది.

జబ్బు పేరు కవి చెప్పడు. గాలి మార్పు అన్నాక చాలామంది క్షయనే ఊహించుకుంటారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ బెంగాలీలు, తెలుగువాళ్లు కలిసి కాపురముంటున్న ఈ రైల్వే పట్నంలో, అది టాగూర్ సొంత కథేనన్న నమ్మకం ఉంది. భార్య మృణాళినిని పెండ్రా శానిటోరియానికి తీసుకెళ్తూ ఆయన ఇక్కడ ఆగారట. ఈ కథకు రుజువుల కన్నా ఊరి అభిమానమే ఎక్కువ. మృణాళిని 1902లో కలకత్తాలో కన్నుమూశారు. అయితే క్షయ ఆ ఇంటిని వదల్లేదన్నది మాత్రం నిజం. రెండో కూతురు రేణుకను హజారీబాగ్, అల్మోరా తిప్పినా 1903లో దక్కలేదు. పెద్ద కూతురు మాధురీలతను 'పలాతక' వచ్చిన ఏడాదే అదే జబ్బు తీసుకుపోయింది. తెలుగు పాఠకులకు శరత్ నవలలు అందించిన చక్రపాణి బెంగాలీ నేర్చుకున్నదీ క్షయకు చికిత్స పొందుతూ మదనపల్లె శానిటోరియంలోనే.

రోగ నిరోధక వ్యవస్థ గురించి రాసే జనరంజక విజ్ఞాన పుస్తకాలకు యుద్ధమంటే మోజు. తెల్లకణాలు సైనికులు, క్రిములు శత్రువులు. క్షయ విషయంలో ఈ పోలిక సగమే నప్పుతుంది. ఊపిరితిత్తుల్లో చేరిన క్రిమిని భక్షక కణం మింగుతుంది గానీ తరచూ చంపలేదు. అప్పుడు టీ కణాలు వచ్చి, మిగతా కణాలతో కలిసి దాని చుట్టూ గోడ కడతాయి. అది యుద్ధం కాదు, జైలు కాపలా. క్రిమి సోకినవారిలో నూటికి తొంభై మందికి పైగా ఈ కాపలా జీవితాంతం నిలుస్తుంది. కాపలాదారులు పస్తులుంటే గోడ బీటలు వారుతుంది.

ఇంట్లో ఉండి మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంత బాగా నయమవుతుందని 1959లో మద్రాసు అధ్యయనం తేల్చింది. ఇంటి తిండి నాసిరకమైనా మందులు పనిచేశాయి. అది గొప్ప విజయమే. కానీ దాంతో అసలు జబ్బు ఎందుకు వస్తోందన్న ప్రశ్నలో తిండి వాటా మరుగున పడింది.

దాన్ని మళ్లీ ముందుకు తెచ్చింది బిలాస్‌పూర్ పక్కనున్న గనియారీయే. అక్కడి జన్ స్వాస్థ్య సహయోగ్ ఆస్పత్రికి 2004-2009 మధ్య వచ్చిన సుమారు 1,700 మంది క్షయ రోగుల వివరాలు 2013లో ప్రచురితమయ్యాయి. ఆ మహిళల్లో సగం మంది బరువు దాదాపు 34 కిలోలు లేదా అంతకన్నా తక్కువ. అది బడిపిల్లల బరువు.

ఆ అధ్యయనంలో పాల్గొన్న డాక్టర్ అనురాగ్ భార్గవ తర్వాత జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో పెద్ద ప్రయోగానికి సారథ్యం వహించారు. దాని పేరే 'రేషన్స్'. రోగి ఇంట్లోని మిగతావాళ్లకు తలా నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గిందని 2023లో లాన్సెట్ ప్రచురించింది. కొత్త మందు లేదు, కొత్త టీకా లేదు. కిరాణా కొట్లో దొరికే సరుకే.

ప్రభుత్వం 2018 నుంచి రోగి ఖాతాలో నెలకు 500 రూపాయలు వేస్తూ, 2024 నవంబరులో దాన్ని వెయ్యికి పెంచింది. ఇంట్లో మిగతావాళ్ల తిండిని మాత్రం 'నిక్షయ్ మిత్ర' పేరుతో ముందుకొచ్చే దాతలకు అప్పగించింది.